ఆడకుండానే ఓడిపోవాలా?

సంపాదకులవారికి,

అయ్యా,

మీ పత్రిక క్రీడా పుటలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి ఈమధ్య వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చిన్న కాన్ఫరెన్సుల జట్లకు పెద్ద బౌల్ మ్యాచ్‌ల్లోనూ ప్లేఆఫ్‌లోనూ చోటివ్వడం వల్ల పోటీ పలచబడిపోతోందనీ, 2025 డిసెంబరులో టులేన్, జేమ్స్ మాడిసన్ జట్లు ఓడిన తీరే అందుకు సాక్ష్యమనీ, ఆ రెండు చోట్లూ పెద్ద కాన్ఫరెన్సుల్లో మిగిలిపోయిన బలమైన జట్లకు ఇచ్చి ఉండవలసిందనీ వ్యాసకర్త తేల్చేశారు. విజయనగరంలో కూర్చున్న ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టరుకు ఆ గొడవతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా అబ్బాయి కొన్నేళ్లుగా ఐడహో రాష్ట్రంలోని బాయిసీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. (దాన్ని ‘బోయిస్’ అని పలికితే అక్కడివాళ్లు మర్యాదగానే దిద్దుతారు, నన్ను మూడుసార్లు దిద్దారు.) 2024లో నేనూ మా ఆవిడా ఆర్నెల్లు అక్కడే ఉన్నాం. నీలం రంగు గడ్డి పరిచిన ఆ ఊరి మైదానంలో అక్కడి విశ్వవిద్యాలయ జట్టు బాయిసీ స్టేట్ ఆడిన రెండు మ్యాచ్‌లు కంబళి కప్పుకుని చూశాను. అయితే నేను కలం పట్టడానికి అసలు కారణం వేరే ఉంది. దాని సంగతి కొంచెం తరవాత చెబుతాను.

ఈ ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ, వంద గజాల మైదానంలో ముందుకు తీసుకుపోయే ఆట. విశ్వవిద్యాలయాల జట్లలో పై తరగతిలోనే 130కి పైగా ఉన్నాయి. ఒక్కో జట్టు మామూలు సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లే కాబట్టి అందరితో అందరూ ఆడటం అసాధ్యం. అందుకని అవి ‘కాన్ఫరెన్సులు’ అనే గుంపులుగా ఏర్పడి ముఖ్యంగా తమలో తాము ఆడుకుంటాయి. ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ అనే నాలుగూ ధనమూ టీవీ ఒప్పందాలూ దండిగా ఉన్న పెద్ద గుంపులు. మౌంటెన్ వెస్ట్, అమెరికన్, సన్ బెల్ట్ వంటివి చిన్నవి. జాతీయ విజేతను తేల్చే నాకౌట్ పోటీని ప్లేఆఫ్ అంటారు. సీజన్ ముగిశాక ఎంపిక చేసిన జట్ల మధ్య జరిగే మ్యాచ్‌లను బౌల్ మ్యాచ్‌లంటారు. రోజ్, షుగర్, ఆరెంజ్, కాటన్, ఫియెస్టా, పీచ్ అనే ఆరూ వాటిలో పెద్దవి. వీటికి మూలమైన మొదటి మ్యాచ్ 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగింది. అందులో మిషిగన్ 49-0తో స్టాన్‌ఫర్డ్‌ను చిత్తుచేసింది. ఇంకా కొంత సమయం ఉండగానే స్టాన్‌ఫర్డ్ చేతులెత్తేసింది. ఆ ఏకపక్షపు ఆట చూసి విసుగెత్తిన నిర్వాహకులు ఫుట్‌బాల్‌ను పక్కనపెట్టారు. కొన్నేళ్లపాటు ఆ పండగలో రథాల పందేలు నడిచాయి, 1916లో గానీ ఫుట్‌బాల్ తిరిగి రాలేదు. అంటే పెద్ద బౌల్‌లో ఘోరంగా ఓడిన మొట్టమొదటి జట్టు ఏ మారుమూల కాలేజీదో కాదు, స్టాన్‌ఫర్డ్‌ది. తేడా ఎక్కువగా ఓడటాన్నే అనర్హతగా లెక్కిస్తే ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో వ్యాసకర్త గమనించినట్టు లేదు.

ఇక నా కారణం చెబుతాను. 1990ల్లో నేను పార్వతీపురం వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పనిచేసేవాణ్ని. మా కబడ్డీ జట్టులో ఏడుగురికి ఏడుగురూ రైతుకూలీల పిల్లలు. కోతలయ్యాక కళ్లంలో సున్నంతో గీతలు గీసి సాధన చేసేవారు. ఆ ఏడాది మా చుట్టుపక్కల మేం ఆడిన ప్రతి పోటీ గెలిచాం. ఒక నగరంలో ఎనిమిది కాలేజీ జట్లను పిలిచి ఆహ్వాన పోటీ పెడుతున్నారని తెలిసి, మా గెలుపుల వివరాలన్నీ తెల్లకాగితం మీద రాసి, ప్రిన్సిపాలుగారి సంతకంతో పంపాను. ‘మీరు ఓడించిన జట్ల స్థాయి ఏమిటో మాకు తెలియదు, ఆధారాలుంటే జతచేయండి’ అని జవాబు వచ్చింది. మా ఫైనల్ గురించి పత్రికలో పడిన కత్తిరింపు వెతికి తీశాను. అందులో ముఖ్య అతిథి పేరు, విశిష్ట అతిథి పేరు, ప్రార్థనాగీతం పాడిన అమ్మాయి పేరు, పళ్లు పంచిపెట్టిన దాత పేరు ఉన్నాయి. మ్యాచ్ స్కోరు మాత్రం లేదు. ఉన్నదే పంపించాను. ఎనిమిదో చోటు ఆ నగరంలోని ఒక పేరున్న కాలేజీ రెండో జట్టుకు దక్కింది. ఆ సంగతి చెప్పినప్పుడు కూతలో మాకు పెద్దదిక్కయిన కుర్రాడు ఒకడు కాసేపు ఆలోచించి, “అయితే మేస్టారూ, ఆడకుండానే ఓడిపోనామేటండీ?” అని అడిగాడు. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే అమెరికాలో బాయిసీ స్టేట్ కథ విన్నప్పుడు అది నాకు పరాయి కథ అనిపించలేదు.

ఆ కథ 2007 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో జరిగింది. ఒక్క ఓటమి లేకుండా సీజన్ ముగించిన చిన్న కాన్ఫరెన్సు జట్టు బాయిసీ స్టేట్‌కు ఎదురుగా జాతీయ టైటిళ్లు చాలా గెలిచిన ఓక్లహోమా నిలిచింది. అప్పట్లో బీసీఎస్ అనే పద్ధతి ఉండేది. ఆరు పెద్ద కాన్ఫరెన్సుల విజేతలు నేరుగా పెద్ద బౌల్‌లోకి వెళ్లేవారు; మిగతావాళ్లు మాత్రం దేశవ్యాప్త ర్యాంకుల్లో బాగా పైన ఉంటేనే తలుపు తీసేవారు. మా అబ్బాయి ఇంట్లో ఆ మ్యాచ్ రికార్డింగు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చివరి క్షణాల్లో బాయిసీ 7 పాయింట్లు వెనకబడి ఉంది, నాలుగోదైన ఆఖరి ప్రయత్నంలో 18 గజాలు సంపాదించాలి, లేకపోతే ఆట ముగిసినట్టే. బంతి అందుకున్న ఆటగాడు తన మీదికి అందరూ మళ్లేదాకా ఆగి, పక్కనుంచి ఎదురుదిశలో దూసుకొస్తున్న సహచరుడికి దాన్ని అందించాడు. అతను గీత దాటేసరికి గడియారంలో 7 సెకన్లు మిగిలాయి. ఓవర్‌టైమ్‌లో ఓక్లహోమా మొదట టచ్‌డౌన్ (బంతితో చివరి గీత దాటడం) చేసి అదనపు పాయింటు కూడా తన్నింది, బాయిసీ టచ్‌డౌన్‌తో బదులు తీర్చింది. అప్పుడు ఒక్క పాయింటు తన్ని సమం చేసుకోవడం సులువైన దారి. వాళ్లు రెండు పాయింట్ల ప్రయత్నానికి దిగారు. బంతి విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ కుడి చెయ్యి ఎత్తి కుడివైపు విసురుతున్నట్టు నటించాడు, ఓక్లహోమా ఆటగాళ్లు అటు పరుగెత్తారు. బంతి మాత్రం అతని ఎడమ చేతిలో నడుము వెనక దాగి ఉంది. అతని సహచరుడు ఇయాన్ జాన్సన్ వెనకనుంచి వచ్చి దాన్ని అందుకుని ఖాళీగా ఉన్న ఎడమవైపు నుంచి లోపలికి నడిచినంత తేలిగ్గా వెళ్లిపోయాడు. 43-42. కబడ్డీలో ఒక కాలు ముందుకు చాపి, పట్టుకు వచ్చినవాణ్ని రెండో వైపు నుంచి తాకి వచ్చే రైడరును చూసినవాళ్లకు ఆ ఎత్తు వెంటనే అర్థమవుతుంది.

ఆ సాయంత్రం బాయిసీకి చోటు దక్కకపోయి ఉంటే ఏం జరిగేది? వాళ్లు ‘బలహీనుల మీద గెలిచినవాళ్లు’గానే మిగిలిపోయేవారు, ఆ మాట అబద్ధమని నిరూపించే మార్గమే ఉండేది కాదు. రెండేళ్ల తరవాత 2009 జనవరి 2న షుగర్ బౌల్‌లో యూటా 31-17తో అలబామాను ఓడించింది. ఆ సీజన్‌లో 13 మ్యాచ్‌లాడి 13 గెలిచిన యూటాకు చివరికి దక్కింది రెండో ర్యాంకు. 2010 జనవరిలో ఇంకా విచిత్రం జరిగింది. ఓటమి లేని చిన్న జట్లు ఒకేసారి రెండు అర్హత సంపాదించాయి, బాయిసీ స్టేట్, టీసీయూ. వాళ్లను చెరొక పెద్ద జట్టుతో ఆడించడం మాని, ఒకే ఫియెస్టా బౌల్‌లో ఒకరి మీదికి ఒకర్ని వదిలారు. బాయిసీ 17-10తో గెలిచింది గానీ పెద్దవాళ్లెవరికీ ఓడే ప్రమాదం రాలేదు. పెళ్లిపందిట్లో వేరే పంక్తి వేసి వడ్డించడమంటే ఇదే. మరుసటి ఏడు అదే టీసీయూ రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్‌ను 21-19తో ఓడించింది.

2014 సీజన్ నుంచి బీసీఎస్ పోయి, 13 మంది సభ్యుల సెలక్షన్ కమిటీ నాలుగు జట్లను ఎంచే ప్లేఆఫ్ వచ్చింది. ఓట్లూ కంప్యూటర్లూ కలిపి తేల్చే ర్యాంకుల స్థానంలో కూర్చుని చర్చించే మనుషులు వచ్చారు కాబట్టి న్యాయం జరుగుతుందని చాలామంది అనుకున్నారు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా సీజన్ ముగించినా కమిటీ వాళ్లను మొదటి నలుగురి దరిదాపులకు రానివ్వలేదు. పీచ్ బౌల్‌లో వాళ్లు 34-27తో ఆబర్న్‌ను ఓడించారు. అదే సీజన్‌లో అలబామా, జార్జియా రెండింటినీ ఓడించిన జట్టు ఆబర్న్. జాతీయ ఫైనల్‌లో తలపడింది మాత్రం ఆ అలబామా, జార్జియాలే. సెంట్రల్ ఫ్లోరిడావాళ్లు తమకు తామే జాతీయ విజేతలమని ప్రకటించుకుని ఊరేగింపు చేసుకున్నప్పుడు దేశం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ నాలుగింటి పద్ధతి సాగిన పదేళ్లలో చిన్న కాన్ఫరెన్సు జట్టుకు ప్లేఆఫ్ తలుపు తెరుచుకున్నది ఒక్కసారే. 2021లో ఆ లోపలికి వెళ్లిన సిన్సినాటి 27-6తో అలబామా చేతిలో ఓడింది.

వ్యాసకర్త లెక్కలు అడిగారు గనక నేనూ కాగితం మీద లెక్కవేశాను. బీసీఎస్ కాలంలో నేరుగా చోటు లేని కాన్ఫరెన్సుల జట్లు పెద్ద బౌల్‌లలో పెద్దవాళ్లతో ఆడినవి 6 మ్యాచ్‌లు, గెలిచినవి 4. నాలుగు జట్ల ప్లేఆఫ్ కాలంలో పెద్ద బౌల్‌లలో 10 ఆడి 4 గెలిచారు. 2024 నుంచి 12 జట్ల ప్లేఆఫ్‌లో 3 ఆడి మూడూ ఓడారు. మొత్తం 19కి 8. దీన్ని ఘనకార్యమని నేను అనను. చివరి మూడూ ఓడారన్నది కూడా దాచను. కానీ 19కి 8 గెలిచినవాణ్ని ‘పోటీకి తగడు’ అని నా ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఏ ఆటలోనూ అనలేదు. పైగా ఈ లెక్కలో వ్యాసకర్త చూడని కిటుకు ఒకటుంది. ఆ 8 గెలుపుల్లో ఐదింటిని సాధించిన యూటా, టీసీయూ, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడా ఇప్పుడెక్కడున్నాయి? అన్నీ బిగ్ 12లో ఉన్నాయి. ఒకప్పుడు పక్కనపెట్టిన టీసీయూ పెద్దల గుంపులో చేరాక జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. చిన్నవాళ్లలో గెలవడం నేర్చినవాళ్లను పెద్దలు తమలో కలిపేసుకుంటారు. మిగిలిపోయినవాళ్లను చూపించి, చూడండి, వీళ్లలో సత్తా లేదంటారు. తిరగేసి చూస్తే టులేన్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. వ్యాసకర్త ఈసడించిన ఆ న్యూ ఆర్లీన్స్ జట్టు 1932లో ఎస్‌ఈసీని స్థాపించినవాటిలో ఒకటి. 1966లో బయటికి వచ్చింది. పెద్ద, చిన్న అనేవి పుట్టుకతో వచ్చినవి కావన్నమాట.

ఇప్పుడు వ్యాసంలోని అసలు ఆరోపణకు వస్తాను. 2025 డిసెంబరు 20న ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో టులేన్ 41-10తో ఓల్ మిస్ (మిసిసిపి విశ్వవిద్యాలయం) చేతిలో, జేమ్స్ మాడిసన్ 51-34తో ఒరెగాన్ చేతిలో ఓడాయి. నిజమే. టులేన్ అదే ఓల్ మిస్ చేతిలో సెప్టెంబరులోనూ 45-10తో ఓడిందని కూడా, వ్యాసకర్త మరిచిపోయినా, నేనే గుర్తుచేస్తున్నాను. అయితే ఆ తరవాత వారంన్నరకు క్వార్టర్ ఫైనల్స్ జరిగాయి. అక్కడ ఎస్‌ఈసీకి చెందిన అలబామా 38-3తో ఇండియానా చేతిలో మట్టికరిచింది. బిగ్ 12 విజేత టెక్సస్ టెక్ ఒక్క పాయింటూ చేయలేక ఒరెగాన్ చేతిలో 23-0తో ఓడింది. టులేన్ ఓటమి తేడా 31, అలబామాది 35. జేమ్స్ మాడిసన్ తేడా 17, టెక్సస్ టెక్‌ది 23. అదే ఒరెగాన్ మీద 34 పాయింట్లు చేసినవాడు తగనివాడూ, సున్నా చేసినవాడు తగినవాడూ ఎలా అవుతాడు? అంతకుముందు ఏడాది మొదటి రౌండ్‌లోనూ టెనెసీ 42-17తో, ఎస్ఎంయూ 38-10తో ఓడాయి; అవి రెండూ పెద్ద గుంపులవే. పెద్దవాడు చిత్తుగా ఓడితే ‘ఆ రోజు కలిసిరాలేదు’ అంటారు. చిన్నవాడు ఓడితే ‘వాడి జాతే అంత’ అంటారు. ఈ రెండు నాలుకల ధోరణి మన ఊరి ఆటల్లోనూ నేను చూశాను గనక నాకు కొత్తేమీ కాదు.

ఇంతకూ ఈ ఇద్దరూ ఒకేసారి లోపలికి ఎలా వచ్చారో వ్యాసంలో సగమే చెప్పారు. 2025 సీజన్ నియమం ప్రకారం కాన్ఫరెన్సు విజేతల్లో ర్యాంకులో పైనున్న ఐదుగురికి చోటు ఖాయంగా ఉండేది. పెద్ద కాన్ఫరెన్సులు నాలుగు కాబట్టి మామూలుగా ఐదోది చిన్నవాళ్లది. ఆ సీజన్‌లో ఏసీసీ టైటిల్‌ను ఐదు ఓటములున్న డ్యూక్ గెలిచింది. దానికన్నా 12 గెలిచి ఒక్కటే ఓడిన జేమ్స్ మాడిసన్ ర్యాంకు పైనుంది. అంటే చిన్నవాడు ఎవరి చోటూ లాక్కోలేదు. పెద్దవాళ్ల ఇంట్లో దీపం మలగడం వల్ల పక్కింటి వెలుగు కనిపించింది. 10 గెలిచి రెండు ఓడిన నోటర్ డేమ్ బయట ఉండిపోవడం బాధాకరమే గానీ, ఏ కాన్ఫరెన్సులోనూ చేరకుండా ఒంటరిగా ఆడటం ఆ విశ్వవిద్యాలయం ఏరికోరి తెచ్చుకున్న పద్ధతి. గెలిస్తే చోటు ఖాయమయ్యే టైటిల్ దానికి లేకపోవడం జేమ్స్ మాడిసన్ తప్పు కాదు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది ఆ సీజన్ ముగింపు. 2026 జనవరి 19న ఇండియానా 27-21తో మయామీని ఓడించి, 16 మ్యాచ్‌లకు 16 గెలిచి జాతీయ విజేత అయింది. దశాబ్దాల తరబడి ఓటములకు మారుపేరుగా ఉన్న జట్టు ఇండియానా. అయినా బిగ్ టెన్‌లో సభ్యత్వం ఉంది గనక దాని చోటును ఎవరూ ప్రశ్నించలేదు. దాన్ని రెండేళ్లలో ఈ స్థితికి తెచ్చిన కోచ్ కర్ట్ సిగ్నెటీ 2023 దాకా ఎక్కడ పనిచేశారో తెలుసా? జేమ్స్ మాడిసన్‌లో. ఆయన వెళ్తూ వెళ్తూ అక్కడి ఆటగాళ్లు పలువురిని వెంట తీసుకెళ్లారు, వాళ్లలో కొందరు ఈ విజేత జట్టులోనూ ఉన్నారు. అదే గురువు, అవే కండలు, అదే కసరత్తు. ఊదారంగు చొక్కా తొడుక్కున్నప్పుడు అనర్హులు, ఎర్ర చొక్కా తొడుక్కున్నప్పుడు దేశానికే విజేతలు. ఆ సీజన్‌లో ప్లేఆఫ్‌కు వచ్చిన టులేన్, జేమ్స్ మాడిసన్ కోచ్‌లిద్దరికీ మ్యాచ్ ఆడకముందే ఫ్లోరిడా, యూసీఎల్ఏల నుంచి కొత్త ఉద్యోగాలు ఖాయమయ్యాయి. సీజన్ ముగిసేదాకా పాత జట్టుతో ఉండి, ఆనక వెళ్లిపోయారు. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు, 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అంత ఇవ్వగలిగింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. చిన్నవాళ్లు ఇటీవల వరసగా ఓడుతున్నారంటే కారణం ఇక్కడే వెతకాలి. చేనులో పండిన పంట మొదటి బుట్ట పెద్దింటికి పోతుంటే, మిగిలిన తాలు చూసి నేలను తిట్టడం సరికాదు.

మరి బలం తెలిసేదెలా? ఈ ప్రశ్న న్యాయమైనదే. మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఆమె ఎవరితో సాధన చేసిందో, ఆ ప్రత్యర్థుల స్థాయి ఏమిటో ఎవరూ అడగలేదు. ఇనుప కడ్డీకి ఊరిపేరు అక్కర్లేదు. నెల్లిమర్ల పక్క కొండవెలగాడలో ఎంత బరువో గ్లాస్గోలోనూ అంతే బరువు. ఫుట్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ బలం తెలియాలంటే ఎదురుగా బలవంతుడు నిలబడాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. పెద్ద జట్లు సాధారణంగా చిన్న ఊళ్లకు వచ్చి ఆడవు. డబ్బిచ్చి చిన్నవాళ్లనే తమ మైదానానికి రప్పించుకుంటాయి, అదీ ఓడిపోతారన్న నమ్మకం ఉన్నవాళ్లను. 2024 సెప్టెంబరు 7న నోటర్ డేమ్ అలాగే సుమారు 14 లక్షల డాలర్లిచ్చి నార్తర్న్ ఇలినాయ్‌ని పిలిచి 16-14తో ఓడింది. ఆ సీజన్‌లోనే నోటర్ డేమ్ జాతీయ ఫైనల్ ఆడింది. నార్తర్న్ ఇలినాయ్ ఆ తరవాత ఐదు మ్యాచ్‌లు ఓడిందన్నది వేరే సంగతి. ఆ ఒక్క గెలుపుతో దానికి ఫైనల్ హక్కు వచ్చిందని నేనేమీ వాదించడం లేదు. ఓడితే పరువుపోయే ఇలాంటి మ్యాచ్‌లకు పెద్ద జట్లు ఇష్టపడవనీ, బలమైన చిన్న జట్టుకైతే పిలుపే కరువవుతుందనీ చెబుతున్నాను. ‘నువ్వు బలవంతులతో ఆడలేదు’ అనేవాడే ‘నీతో ఆడను’ అని తలుపేసుకుంటే సాక్ష్యం ఆకాశం నుంచి ఊడిపడుతుందా?

తలుపు తెరిచి ఉంచితే ఏమవుతుందో చూపడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 2010-11 రంజీ సీజన్‌లో రాజస్థాన్ ఆడింది కింది తరగతి అయిన ప్లేట్ విభాగంలో. మన హైదరాబాద్ కూడా అప్పుడు అక్కడే ఉంది. జైపూర్‌లో రాజస్థాన్‌కు ఆడిన దీపక్ చాహర్ అనే 18 ఏళ్ల కుర్రాడు తన తొలి మ్యాచ్‌లోనే 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీస్తే హైదరాబాద్ 21 పరుగులకే కుప్పకూలింది. ప్లేట్‌లో ముందు నిలిచినవాళ్లు నాకౌట్‌కు వెళ్లాలని నియమం ముందే రాసి ఉంది. ఎవరి దయా అక్కర్లేకుండా, ఏ కమిటీ తలుపూ తట్టకుండా రాజస్థాన్ ఆ నియమం పట్టుకుని పైకెళ్లి, ఫైనల్‌లో బరోడాను దాటి మొట్టమొదటిసారి రంజీ ట్రోఫీ ఎత్తింది. మరుసటి ఏడాది మళ్లీ ఎత్తింది. ‘ప్లేట్ జట్లకు నాకౌట్ ఎందుకు, ముంబయికి ఇంకో అవకాశం ఇద్దాం’ అని ఆనాడు ఎవరైనా ఒక గదిలో కూర్చుని తీర్మానించి ఉంటే మనం దాన్ని ఏమనేవాళ్లం? అమెరికాలోనే బాస్కెట్‌బాల్‌లో చూడండి: జాతీయ టోర్నీలో ప్రతి కాన్ఫరెన్సు విజేతకూ చోటుంది. 2018లో తన విభాగంలో అట్టడుగు స్థానమైన 16వ సీడ్ యూఎంబీసీ 74-54తో ఒకటో సీడ్ వర్జీనియాను ఓడించింది. 16వ సీడ్లు సాధారణంగా ఓడిపోతారు, అయినా వాళ్ల చోటు తీసేయాలన్న మాట అక్కడ గెలవదు. ఎందుకంటే ఆ ఒక్క రోజు కోసమే జనం టీవీల ముందు కూర్చుంటారు.

నేను ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి. చిన్న కాన్ఫరెన్సులో ఓటమి లేని రికార్డూ ఎస్‌ఈసీలో ఓటమి లేని రికార్డూ సమానం కావు. 2023 సీజన్‌లో 13 గెలిచి వచ్చిన లిబర్టీ ఫియెస్టా బౌల్‌లో ఒరెగాన్ చేతిలో 45-6తో ఓడినప్పుడు, ఆ జట్టు సీజన్ అంతటా ఆడిన ప్రత్యర్థులెవరో చూస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. అందువల్ల ప్రతి చిన్న విజేతకూ చోటివ్వాలని నేను అడగడం లేదు. వాళ్లందరిలో మొదటివాడికి ఒక చోటు, అంతే. అది ఆగస్టులో ఆట మొదలవకముందే రాసిపెట్టి ఉండాలి, డిసెంబరులో ముఖాలు చూసి మార్చకూడదు. 2024లో బాయిసీ స్టేట్‌కు అలాగే దక్కింది, మూడో సీడుగా నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లి పెన్ స్టేట్ చేతిలో 31-14తో ఓడింది. నేను అప్పటికి విజయనగరం వచ్చేశాను. మా అబ్బాయి ఫోన్‌లో “పోయింది నాన్నా” అన్నాడు గానీ ఆ గొంతులో అన్యాయం జరిగిందన్న బాధ లేదు. ఆడి ఓడినవాడి గొంతు వేరుగా ఉంటుంది. ఇక చిన్నవాళ్లకు వేరే ప్లేఆఫ్, వేరే కప్పు పెట్టేస్తే సరిపోతుందన్న వ్యాసకర్త సలహా 2010 ఫియెస్టా బౌల్ పంక్తినే శాశ్వతం చేయడం అవుతుంది. పెద్ద జట్లకు ఏటా ఒక చిన్న కాన్ఫరెన్సు జట్టు ఊరికి వెళ్లి ఒక మ్యాచ్ ఆడాలన్న నియమం పెడితే అంతకన్నా ఉపయోగం. ఎవరి స్థాయి ఏమిటో నవంబరుకే తేలిపోతుంది, 13 మంది గదిలో కూర్చుని ఊహించే పని తగ్గుతుంది.

చివరిగా మీకు ఒక మనవి. మన జిల్లా పుటలో అంతర కళాశాలల పోటీల వార్తలు నేటికీ దాదాపు మా కాలంలో లాగే వస్తున్నాయి. మొన్న శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో జరిగిన ఒక పోటీ వార్త చదివాను. వేదికనెక్కిన పదకొండు మంది పేర్లు హోదాలతో సహా ఉన్నాయి, గెలిచిన జట్టు పేరు చివరి వాక్యంలో ఉంది, స్కోరు లేదు. అతిథుల పేర్లలో రెండు తగ్గించి అయినా సరే, ఎవరు ఎవరిని ఎంత తేడాతో ఓడించారో దయచేసి వేయించండి. ఏ పాలకొండ కుర్రాళ్లకో, సాలూరు అమ్మాయిలకో రేపు ఎక్కడైనా ఆధారం చూపించమని అడిగితే, కత్తిరించి పంపడానికి ఆ ముక్క పనికొస్తుంది.

ఇట్లు,
విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
విజయనగరం